పలుగు దించకముందే నేల చెప్పే కబుర్లు

2013 వేసవిలో ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయం దగ్గర గడ్డికి నీళ్లు పట్టే రబ్బరు గొట్టం పొడవు చాలలేదు. రాతి వలయంలో ఒక పక్కకు నీరు అందక అక్కడి గడ్డి వడిలిపోయింది. అయితే అంతా ఒకేలా వడలలేదు. కొన్ని చోట్ల మచ్చలు మచ్చలుగా, మిగతా గడ్డి కన్నా ముందే ఎండిపోయింది. ఆవరణను రోజూ చూసుకునే ఉద్యోగి ఒకరు ఆ మచ్చలను గమనించి, అవి ఒక వరసలో ఉన్నాయని గుర్తుపట్టారు. బయటి వలయంలో ఇప్పుడు రాళ్లు లేని వైపు, ఒకవేళ రాళ్లు ఉండి ఉంటే ఎక్కడెక్కడ నిలబడేవో సరిగ్గా అక్కడే ఆ మచ్చలు పడ్డాయి.

ఆ వలయాన్ని ఒకప్పుడు పూర్తిగా కట్టారా, సగంలో వదిలేశారా అన్నది ఎంతోకాలంగా తెగని వాదన. పూర్తిగా కట్టారన్న పక్షానికి ఒక గట్టి సాక్ష్యాన్ని పొట్టి గొట్టం తెచ్చిపెట్టింది. మరుసటి ఏడాది ఈ సంగతి 'ఆంటిక్విటీ' అనే పురావస్తు పత్రికలో అచ్చయింది.

ఇందులో యంత్రం ఒక్కటీ లేదు. అయినా తవ్వకుండా నేల కింద ఏముందో తెలుసుకునే పద్ధతులన్నింటి కిటుకూ ఇందులోనే ఉంది. ఒకసారి మనిషి చెయ్యి పడిన నేల మళ్లీ పాత నేల కాదు. గొయ్యి తీసి పూడ్చినా, గోడ కట్టి కూల్చినా, పొయ్యి వెలిగించి ఆర్పినా, ఆ చోటు చుట్టుపక్కల మట్టి కన్నా కాస్త వేరుగా ఉండిపోతుంది. తడిని ఎక్కువో తక్కువో పట్టి ఉంచుతుంది, కరెంటును వేరేలా పారనిస్తుంది, దిక్సూచిని వెంట్రుకవాసి పక్కకు లాగుతుంది. పరికరాలు కొలిచేది ఈ తేడానే. ఏ పరికరమూ గోడను చూడదు, సమాధిని చూడదు. 'ఇది గోడ', 'ఇది సమాధి' అని పేరు పెట్టేది మనిషి. ఈ రంగంలోని గొప్ప విజయాలు తేడాను పట్టుకోవడంలో వచ్చాయి. తలవంపులన్నీ దాదాపుగా పేరు పెట్టడంలో వచ్చాయి.

తవ్వితే పోయేదేమిటి?

పురావస్తు తవ్వకానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. కింది పొరను చూడాలంటే పై పొరను తీసేయాలి. తీసిన పొరను మళ్లీ పేర్చలేం. ఫొటోలు, పటాలు, కొలతలు, సంచుల్లో కట్టిన మట్టి మాత్రం మిగులుతాయి. రసాయన శాస్త్రవేత్త అనుమానం వస్తే ప్రయోగాన్ని మళ్లీ చేసుకోవచ్చు. తవ్వేవారికి ఆ వెసులుబాటు లేదు. వందేళ్ల క్రితం బొగ్గు ముక్కలను చెత్తగా పారబోశారు, అప్పటికి కార్బన్ పద్ధతిలో కాలం కట్టడం ఎవరికీ తెలియదు కాబట్టి. ఈ రోజు మనం ఏం పారబోస్తున్నామో యాభై ఏళ్ల తరువాతి వాళ్లు చెబుతారు.

తవ్విన క్షణం నుంచే పాడయ్యేవి కూడా ఉంటాయి. 1974లో చైనాలోని షియాన్ దగ్గర బయటపడిన మట్టి సైనికులు అందరికీ బూడిద రంగులోనే తెలుసు. నిజానికి వాళ్లు రంగురంగుల సైనికులు. రెండు వేల ఏళ్లు తడి మట్టిలో ఉన్న లక్క పూతకు పొడి గాలి తగలగానే అది ముడుచుకుని, నిమిషాల్లో రంగుతో సహా రాలిపోయింది. ఆ సైనికులు కాపలా కాస్తున్న చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధిని మాత్రం ఇప్పటికీ తెరవలేదు. ఆ సమాధిలో పాదరసంతో నదులు పారించారని, చక్రవర్తి పోయిన సుమారు వందేళ్ల తరువాత చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. 1980ల మొదట్లో ఆ దిబ్బ మీది మట్టిని పరీక్షిస్తే పాదరసం అసాధారణంగా ఎక్కువగా కనిపించింది. తలుపు మూసే ఉంది, రెండు వేల ఏళ్ల నాటి ఒక వాక్యానికి మాత్రం కొంత బలం దొరికింది.

పై నుంచి చూస్తే

నేల మీద నిలబడితే గందరగోళంగా ఉన్నది పై నుంచి చూస్తే బొమ్మ కడుతుంది. 1906లో ఒక బ్రిటిష్ సైనికాధికారి బెలూన్ నుంచి స్టోన్‌హెంజ్‌ను ఫొటో తీశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి శత్రు కందకాలను వెతకడం నేర్చినవాళ్లు యుద్ధం ముగిశాక పాతకాలపు కందకాలను వెతకసాగారు. ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ పనికి ఒక శాస్త్రపు రూపం ఇచ్చారు. 1925లో గిల్బర్ట్ ఇన్‌సాల్ అనే వైమానికుడు స్టోన్‌హెంజ్‌కు సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, దున్నిన పొలంలో తెల్లటి మచ్చల వలయాలను గమనించారు. తరువాత తవ్వి చూస్తే అవి పూర్వం కొయ్య స్తంభాలు నాటిన గోతులు. దానికి ఉడ్‌హెంజ్ అని పేరు వచ్చింది.

పొలంలో బొమ్మ కట్టడం ఎలా జరుగుతుంది? పూర్వం ఎవరో తవ్విన కందకం కాలక్రమంలో మెత్తని, సారవంతమైన మట్టితో పూడిపోతుంది. దాని మీద మొలిచిన గోధుమకో బార్లీకో వేరు లోతుగా దిగుతుంది, తడి అందుతుంది. ఎండాకాలంలో చుట్టుపక్కల పైరు పసుపు తిరిగినా, ఆ గీత మీది పైరు పచ్చగా, రెండు వేళ్లు ఎక్కువ ఎత్తుగా నిలుస్తుంది. కింద గోడ పునాది ఉంటే కథ తిరగబడుతుంది. వేరు రాయికి తగిలి ఆగిపోతుంది, పైరు గిడసబారి ముందే పండిపోతుంది. పొలం గట్టు మీద నిలబడితే ఈ తేడా తెలియదు. మూడు వందల మీటర్ల ఎత్తున, సూర్యుడు వాలిన వేళ, ఊరి పటం పరిచినట్టు కనిపిస్తుంది.

అందుకే ఈ పనిలో కరవు ఏడాది పండుగ. 2018 వేసవిలో ఐరోపా ఎండిపోయినప్పుడు ఐర్లండ్‌లో న్యూగ్రేంజ్ సమాధికి దగ్గరలో డ్రోన్ ఎగరేసినవాళ్లకు, ఎవరూ ఎరగని ఒక పెద్ద వలయం పొలంలో గీసినట్టు కనిపించింది. ఆ ఏడాదికి ముందూ ఆ పొలం అక్కడే ఉంది, దాని మీదుగా విమానాలు ఎగిరాయి. నేల నోరు విప్పాలంటే పైరు కుదరాలి, మట్టి కుదరాలి, ఎండ కుదరాలి. ఒక పొలంలో ఏమీ కనిపించలేదంటే అక్కడ ఏమీ లేదని అర్థం కాదు. ఈ వాక్యం ప్రతి పద్ధతికీ వర్తిస్తుంది, మరచిపోయేదీ ఎక్కువగా దీన్నే.

ఉపగ్రహ చిత్రాలది కూడా ఇదే దారి, ఎత్తు మాత్రం ఎక్కువ. ఇందులో నాకు ముచ్చటగా తోచేది కొరోనా అనే అమెరికా గూఢచారి ఉపగ్రహాల సంగతి. 1960 నుంచి 1972 వరకు క్షిపణి స్థావరాల కోసం తీసిన ఆ ఫొటోలను 1995లో బయటపెట్టారు. ఆ తరువాత పశ్చిమాసియాలో ఆనకట్టలు, యంత్ర సేద్యం, నగరాల విస్తరణ ఎన్నో దిబ్బలను మింగేశాయి. ఆ ఫొటోల్లో మాత్రం అవి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఉత్తర మెసొపొటేమియాలో ఐదు వేల ఏళ్ల నాటి ఊళ్ల నుంచి పొలాలకు మనుషులు, పశువులు నడిచి నడిచి పల్లంగా అరిగిన బాటలు వాటిలో చక్రపు ఆకుల్లా కనిపిస్తాయి.

జేబులో తాళంచెవి ఉండకూడదు

పై నుంచి చూసేది ఊరు ఎక్కడుందో చెబుతుంది. ఊళ్లో ఏ ఇల్లు ఎక్కడుందో తెలియాలంటే నేల మీద నడవాలి. దీనికి మొదట వచ్చింది విద్యుత్ నిరోధం కొలిచే పద్ధతి. నేలలో రెండు ఇనుప కడ్డీలు గుచ్చి స్వల్పంగా కరెంటు పంపుతారు, మరో రెండింటితో నిరోధం ఎంతో చూస్తారు. తడి మట్టి కరెంటును సులువుగా పోనిస్తుంది, రాతి గోడ అడ్డుకుంటుంది. రిచర్డ్ అట్కిన్సన్ 1946లో ఇంగ్లండ్‌లోని డార్చెస్టర్-ఆన్-థేమ్స్ దగ్గర దీన్ని పురావస్తు పనికి వాడారు. నమ్మకమైన పద్ధతే, కాని నిదానం. అడుగడుక్కీ కడ్డీలు గుచ్చాలి. పైగా నిన్న వాన పడితే ఈ రోజు అంకెలు మారిపోతాయి.

నడిచినంత వేగంగా కొలిచేది మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత బలంలో తేడాను పట్టే పరికరం. 1958లో మార్టిన్ ఎయిట్‌కెన్ ఇంగ్లండ్‌లోని వాటర్ న్యూటన్ దగ్గర దీనితో రోమన్ల కాలపు కుమ్మరి ఆవాలను పట్టుకున్నారు. కుమ్మరి ఆవం దొరకడం కాకతాళీయం కాదు. మట్టిలో ఇనుప రేణువులు ఉంటాయి. అవి ఒక్కొక్కటీ చిట్టి అయస్కాంతం. మామూలుగా తలో దిక్కుకూ తిరిగి ఉంటాయి కాబట్టి ఒకదాని బలాన్ని ఒకటి చెరిపేస్తాయి. వాటిలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులను సుమారు 580 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిస్తే వాటి పాత దిక్కులు చెరిగిపోతాయి. ఆవం చల్లారేటప్పుడు అవి ఆనాటి ఉత్తర దిక్కుకు తిరిగి అక్కడే గడ్డకట్టుకుపోతాయి. చివరిసారి ఆవం ఆరిన రోజు భూమి అయస్కాంత ఉత్తరం ఎటు ఉందో ఆ ఇటుకలు గుర్తుంచుకున్నట్టే.

మంట తగలని కందకం ఎలా దొరుకుతుందన్నది మరో ప్రశ్న. మనుషులు మసలిన చోట పైమట్టి మారుతుంది. పొయ్యిల మంట, కుళ్లే చెత్త, దానిలో బతికే సూక్ష్మజీవులు కలిసి మట్టిలోని ఇనుప ఆక్సైడ్లను ఎక్కువ అయస్కాంత గుణం ఉన్నవిగా మారుస్తాయి. 1950లలో ల బోర్న్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించారు. కందకం పూడేది ఈ పైమట్టితోనే. అందువల్ల కందకం చుట్టుపక్కల అడుగునేల కన్నా ఒక పిసరు ఎక్కువ అయస్కాంతం.

ఎంత పిసరు? అయస్కాంత బలాన్ని కొలిచే నానోటెస్లాల్లో చెబితే, భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 50,000. కందకం తెచ్చే మార్పు ఐదో పదో. రోజులో సూర్యుడి ప్రభావం వల్ల భూమి క్షేత్రమే అంతకన్నా ఎక్కువ అటూ ఇటూ అవుతుంది. దీనికి ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. ఒకే కడ్డీకి పైన ఒకటి, కింద ఒకటి, రెండు సెన్సర్లు బిగిస్తారు. సూర్యుడు రెండింటినీ ఒకేలా కదిలిస్తాడు. నేలలోని కందకం కింది సెన్సర్‌ను ఎక్కువగా, పై సెన్సర్‌ను తక్కువగా కదిలిస్తుంది. ఒక అంకె నుంచి మరొకటి తీసివేస్తే సూర్యుడు పోతాడు, కందకం మిగులుతుంది.

ఇంత సున్నితమైన పరికరాన్ని పట్టుకుని నడిచే మనిషిని దగ్గర నుంచి చూడాలి. బెల్టు ఉండదు, జేబులో తాళంచెవి ఉండదు, ఫోను ఉండదు. ప్యాంటుకు లోహపు జిప్పు ఉండకూడదు. బూట్లకు తాడు దూర్చే ఇనుప కన్నాలు కూడా ఉండకూడదు. నేలను 20 లేదా 30 మీటర్ల చదరాలుగా తాళ్లతో విడదీసుకుని, ఒక మీటరు ఎడంలో వరసలు వేసుకుని, యంత్రం వేసే కూతకు అడుగు కలుపుతూ ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి నడుస్తాడు. అడుగు తడబడితే పటంలో నిటారు గోడ రంపపు పళ్లలా వస్తుంది. రైతు ఎప్పుడో పారేసిన మేకు ఒక్కటి చాలు, తెర మీద నల్లటి చుక్క తెల్లటి చుక్క పక్కపక్కనే మెరుస్తాయి. ముళ్లకంచె దగ్గరికి వెళ్తే అంకెలన్నీ వృథా. నల్లరాతి నేలల్లో లావా రాయే పెద్ద అయస్కాంతం కాబట్టి మిగతాదంతా ఆ హోరులో మునిగిపోతుంది.

స్కాట్లండ్‌లోని కలానిష్ రాతి వలయాల దగ్గర 2019లో ఒక విచిత్రం వెలుగు చూసింది. ఒకే రాయి మిగిలిన వలయం మధ్యలో నక్షత్రం ఆకారంలో పెద్ద అయస్కాంత మచ్చ కనిపించింది. అది గోడా కాదు, పొయ్యీ కాదు. మూడు వేల ఏళ్లకు పూర్వం పడిన పిడుగు, లేదా అదే చోట పడిన ఎన్నో చిన్న పిడుగులు వదిలిన గుర్తు. పిడుగు పడిన చోటనే వలయం కట్టారా, కట్టాక పిడుగు పడిందా? యంత్రానికి ఆ సంగతి పట్టదు.

ప్రతిధ్వని చెప్పే లోతు

మాగ్నెటోమీటర్ ఎక్కడో చెబుతుంది, ఎంత లోతులోనో సరిగా చెప్పదు. ఆ లోటు తీర్చేది నేలలోకి చొచ్చుకుపోయే రాడార్. చక్రాల బండి మీద పెట్టిన పెట్టె రేడియో తరంగాలను నేలలోకి పంపుతుంది. మట్టి స్వభావం ఎక్కడ మారితే అక్కడ కొంత తరంగం వెనక్కి తిరుగుతుంది. వచ్చిన ఆలస్యాన్ని బట్టి లోతు లెక్కకడతారు.

రాడార్ తెర మీద మొదటిసారి చూసేవారిని తికమకపెట్టేది తిరగేసిన గిన్నెల్లాంటి వంపులు. నేలలో ఒక గొట్టం ఉందనుకుందాం. బండి ఇంకా గొట్టం మీదికి రాకముందే, ఏటవాలుగా పోయిన తరంగం దానికి తగిలి వెనక్కి వస్తుంది. దూరం ఎక్కువ కాబట్టి తెర మీద చుక్క కిందికి పడుతుంది. బండి దగ్గరయ్యేకొద్దీ చుక్క పైకి లేస్తుంది, సరిగ్గా మీదికి వచ్చినప్పుడు శిఖరం, దాటిపోయాక మళ్లీ కిందికి. గుండ్రటి చిన్న వస్తువు తెర మీద పెద్ద గొడుగు అవుతుంది. ఆ గొడుగు ఎంత విప్పారి ఉందో చూసి ఆ మట్టిలో తరంగం ఎంత వేగంగా పోతోందో లెక్కిస్తారు. వేగం తెలిస్తేనే లోతు తెలుస్తుంది. వేగాన్ని తప్పు కడితే లోతూ తప్పే.

పక్కపక్కన వందలాది వరసలు తోలి, అన్నింటినీ కలిపి, లోతుల వారీగా పలచటి పొరలుగా కోసి చూస్తారు. ఇటలీలో రోమ్‌కు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని ఫలేరీ నోవీ అనే పాత రోమన్ నగరాన్ని కేంబ్రిడ్జ్, ఘెంట్ విశ్వవిద్యాలయాల బృందం ఇలాగే చూసింది. ప్రాకారం లోపలి 30.5 హెక్టార్లను ప్రతి 12.5 సెంటీమీటర్లకు ఒక కొలత చొప్పున తీసింది. 2020లో ఫలితం వచ్చేసరికి గుడి, అంగడి, స్నానాల భవనం, వీధులు అన్నీ పటం మీదికి ఎక్కాయి. నాకు నచ్చింది నీటి గొట్టాల సంగతి. అవి వీధుల వెంట పోవడం లేదు, ఇళ్ల వరసల కిందుగా పోతున్నాయి. గొట్టాలు వేశాకే వాటి మీద ఇళ్లు లేచి ఉండాలి, అంటే ఊరంతటికీ ముందే పథకం వేసుకున్నారన్నమాట. ఒక్క పార మట్టి తీయకుండా ఇంత మాట చెప్పగలగడం చిన్న విషయం కాదు.

రాడార్‌కు బంకమన్ను గిట్టదు, ఉప్పు నేల అసలే గిట్టదు. కరెంటును బాగా పోనిచ్చే నేల తరంగాన్ని మింగేస్తుంది. ఫలేరీ నోవీలో వచ్చిన పటం చూసి, అదే బండిని నది డెల్టాలోని తడి బంకనేల మీద తోలితే తెర మీద వచ్చేది మసక. ఈ సంగతి యంత్రం అమ్మేవారి కరపత్రాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒకే గోడ, మూడు జవాబులు

2015లో నికొలస్ రీవ్స్ అనే ఈజిప్టు చరిత్ర నిపుణుడు ఒక వాదన ముందుకు తెచ్చారు. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి గోడల వెనక మూసేసిన గదులు ఉన్నాయని, వాటిలో రాణి నెఫెర్‌టీటీ ఉండవచ్చని. అదే ఏడాది చేసిన మొదటి రాడార్ పరిశీలన గదులు ఉన్నట్టే చెప్పింది. ప్రభుత్వమే ఉత్సాహంగా ప్రకటనలు చేసింది. 2016లో మరో బృందం చూస్తే ఆ గదుల జాడ కనిపించలేదు. 2018లో ఇటలీలోని టొరినో సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం మూడు వేర్వేరు రాడార్లతో చూసి, ఆ గోడల వెనక గదులేవీ లేవని తేల్చింది. గోడ మారలేదు, తరంగాల భౌతిక శాస్త్రమూ మారలేదు. ఆ సమాధిని తొలిచిన లోయలోని రాయి పగుళ్లతో నిండినది. ప్రతి పగులూ ఒక ప్రతిధ్వని. ఏది వినాలని వెళ్లామో అది వినిపించడం మానవ సహజం.

ఇంతకన్నా పాఠం చెప్పే కథ డ్యూరింగ్టన్ వాల్స్‌ది. స్టోన్‌హెంజ్ చుట్టూ సుమారు 12 చదరపు కిలోమీటర్లను రాడార్, మాగ్నెటోమీటర్లతో జల్లెడ పట్టిన గొప్ప పథకం ఒకటి ఉంది. మంచి పని, మంచి మనుషులు. ఆ బృందం 2015 సెప్టెంబరులో ఒక ప్రకటన చేసింది. డ్యూరింగ్టన్ వాల్స్ అనే పెద్ద మట్టికట్ట కింద దాదాపు 90 నిలువు రాళ్లు పడుకోబెట్టి ఉన్నాయి, కొన్ని 4.5 మీటర్ల పొడవు కూడా ఉండవచ్చు అని. ప్రపంచ పత్రికలన్నీ 'మహా స్టోన్‌హెంజ్' అని పతాక శీర్షికలు పెట్టాయి. 2016 ఆగస్టులో రెండు చోట్ల తవ్వారు. రాయి లేదు. పెద్ద కొయ్య స్తంభాలు నాటిన గోతులు ఉన్నాయి. పూర్వీకులు ఆ స్తంభాలను పైకి లాగేసి, గోతులను సుద్దరాతి ముక్కలతో గట్టిగా పూడ్చారు. రాడార్‌కు ఆ దట్టించిన సుద్ద పడుకున్న రాయిలాగే వినిపించింది.

ఇక్కడ యంత్రం తప్పు చేయలేదు. 'ఈ చోట, ఇంత లోతున, చుట్టుపక్కల మట్టి కన్నా గట్టిగా ప్రతిధ్వనించేది ఉంది' అన్నది అక్షరాలా నిజం. దాన్ని రాయి అనడం మనిషి చేసిన పని. ఆ మాట అన్నవారే తవ్వకాల్లో పాల్గొని, ఫలితాన్ని దాచకుండా ఒప్పుకున్నారు కాబట్టి నాకు వారి మీద గౌరవం తగ్గలేదు. పత్రికలు మొదటి వార్తకు ఇచ్చిన చోటులో నాలుగో వంతు కూడా రెండోదానికి ఇవ్వలేదు. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో వెతికితే ఆ 90 రాళ్లు నిక్షేపంగా పడుకునే ఉన్నాయి.

చెట్లను చెరిపే వెలుగు

అడవిలో పైరు గుర్తులు ఉండవు, బండి తిరగదు. అక్కడ లైడార్ పనికొస్తుంది. విమానం నుంచి సెకనుకు లక్షల లేజర్ మెరుపులను కిందికి వదులుతారు. ఎక్కువ భాగం ఆకులకు తగిలి తిరిగి వస్తాయి. ఆకుల సందుల్లోంచి జారి నేలను తాకినవి కొన్నే. ఆ కొన్నింటినే ఏరి, చెట్లను లెక్కలోంచి తీసేస్తే, అడవి తొడుగు విప్పిన నేల కనిపిస్తుంది. మోకాలెత్తు గట్టు కూడా దాగదు.

బెలీజ్‌లోని కరకోల్ అనే మాయా నాగరికత నాటి నగరం దగ్గర ఛేజ్ అనే పురావస్తు శాస్త్రవేత్తల దంపతులు పాతికేళ్లు కత్తులతో పొదలు నరుక్కుంటూ, 23 చదరపు కిలోమీటర్లను పటానికి ఎక్కించారు. 2009లో లైడార్ కొద్ది రోజుల్లోనే సుమారు 200 చదరపు కిలోమీటర్లు చూపించింది. ఆ రోజు వారికి ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు, సంతోషంతో పాటు మోకాళ్ల నొప్పి కూడా గుర్తుకు వచ్చి ఉండాలి. 2012లో కంబోడియాలోని అంగ్కోర్ ప్రాంతంలో 370 చదరపు కిలోమీటర్లు కొలిచారు. గుళ్ల చుట్టూ ఉన్నది అడవి కాదని, చతురస్రాలుగా వీధులు వేసిన నగరమని తేలింది. గ్వాటెమాలా ఉత్తర భాగంలో 2,144 చదరపు కిలోమీటర్ల లైడార్‌లో 61,480 కట్టడాలు లెక్కకు వచ్చాయని 2018లో ప్రకటించారు.

ఆ చివరి అంకెను చదివేటప్పుడు ఒక క్షణం ఆగాలి. అవన్నీ ఒకే రోజున నిలిచి ఉన్న ఇళ్లు కావు. కొన్ని క్రీస్తుకు ముందువి, కొన్ని వెయ్యేళ్ల తరువాతివి. లైడార్‌కు ఎత్తుపల్లాలు తెలుసు, తేదీలు తెలియవు. అన్నింటినీ ఒకేసారి జనంతో నింపేస్తే జనాభా అంచనా ఆకాశానికి పోతుంది. అందుకే పరిశోధకులు తవ్వకాల్లో తెలిసిన కాలాలను తెచ్చి లెక్కను సవరిస్తారు. ఈక్వడార్‌లోని ఉపానో లోయలో ఆరు వేలకు పైగా మట్టి అరుగులు ఉన్నాయని 2024లో వచ్చిన వార్త సంగతీ ఇంతే. సుమారు 2,500 ఏళ్ల నాటివన్న మాట లేజర్ చెప్పింది కాదు, అక్కడ దశాబ్దాలుగా తవ్విన వారు చెప్పింది. ఇలాంటి ప్రతి వార్తకూ 'అదృశ్య నగరం దొరికింది' అని శీర్షిక పెట్టేవారిని చూస్తే నాకు విసుగు. చాలాసార్లు అక్కడి జనానికి ఆ దిబ్బలు తాతల నాటి నుంచీ తెలుసు. తెలియనిది పటం గీసేవారికే.

రాతి కట్టడం గుండా చూడాలంటే లేజరూ చాలదు, రాడారూ చాలదు. దానికి అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే మ్యువాన్ కణాలను వాడతారు. అవి ప్రతి నిమిషం అరచేతి గుండా పదులకొద్దీ దూసుకుపోతూనే ఉంటాయి. రాయి ఎంత మందంగా ఉంటే అన్ని తక్కువ కణాలు బయటపడతాయి. ఏ దిక్కు నుంచైనా అనుకున్నదాని కన్నా ఎక్కువ వస్తే, ఆ దిక్కులో ఖాళీ ఉన్నట్టు. లూయిస్ అల్వారెజ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1960లలో ఈజిప్టులోని ఖఫ్రే పిరమిడ్‌లో దీన్ని ప్రయత్నించారు. చూసినంత మేర, అంటే పిరమిడ్‌లో 19 శాతంలో, గదులేవీ లేవని 1970లో ప్రకటించారు. 'లేదు' అన్నదాన్ని కూడా ఇంత జాగ్రత్తగా, ఎంత భాగం చూశామో చెప్పి మరీ ప్రకటించడం ఈ రంగంలో అరుదు. 2017లో ఖుఫూ పిరమిడ్ లోపల కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ ఉందని మూడు వేర్వేరు పరికరాలతో చూసి చెప్పారు. అది గదా, బరువు తగ్గించడానికి వదిలిన సందా అన్నది మ్యువాన్లకు తెలియదు. అదే పిరమిడ్ ఉత్తర ముఖం వెనక 9 మీటర్ల నడవా ఉందన్న అనుమానాన్ని 2023లో రుజువు చేశారు. రాళ్ల అతుకు సందులోంచి పెన్సిలు కన్నా సన్నని కెమెరా గొట్టాన్ని దూర్చారు. రాయి కదపకుండానే కంటితో చూసి ఒప్పుకున్నారు.

నార్వే పడవ

ఇంతకీ ఈ పద్ధతులన్నీ ఉన్నాక తవ్వకం మానేయవచ్చా? ఎప్పటిది, ఏది ముందు ఏది వెనక, ఎందుకు వాడారు అన్న మూడు ప్రశ్నలకు వీటి దగ్గర నేరుగా జవాబు లేదు. ఇవి చేసే అసలు మేలు వేరు. ఒకే చోటును రెండు మూడు పద్ధతులతో చూసి, రాడార్ గోడ అన్నచోట మాగ్నెటోమీటర్ ఏమంటోందో పోల్చుకుంటే, వంద గోతులు తీయాల్సిన చోట రెండు చాలు. డ్యూరింగ్టన్‌లో ఒక భ్రమను తొలగించడానికి ఆ రెండు చోట్ల తవ్వితే సరిపోయింది.

ముట్టుకోకుండా వదిలేయడమే రక్షణ అని కూడా అన్నిసార్లూ అనుకోలేం. నార్వేలోని యెల్లెస్టాడ్‌లో పందొమ్మిదో శతాబ్దంలో దున్ని చదును చేసేసిన ఒక సమాధి దిబ్బ ఉంది. 2018లో నార్వే సాంస్కృతిక వారసత్వ పరిశోధన సంస్థ ఆ పొలం మీద రాడార్ బండి తోలింది. నాగలి తిరిగే లోతుకు కాస్త కిందనే, సుమారు 20 మీటర్ల పొడవైన పడవ ఆకారం తెర మీద తేలింది. వైకింగులనే పాతకాలపు సముద్రయోధుల కాలంలో, మనిషిని పడవతో సహా పాతిపెట్టిన సమాధి అది. తవ్వకుండానే దొరికింది, తవ్వకుండానే ఉంచుదామని కొందరు ఆశించారు. మరుసటి ఏడాది చిన్న గొయ్యి తీసి కలప ముక్కను పరీక్షిస్తే దాన్ని శిలీంధ్రం తినేస్తోంది. పొలం కింద వేసిన మురుగు కాలువల వల్ల నేల ఆరిపోయి గాలి ఆడుతోంది. ఆగితే ఏమీ మిగలదని 2020లో తవ్వకం మొదలుపెట్టారు.

కలప చాలా మటుకు అప్పటికే మట్టిలో కలిసిపోయి ఉంది. పలకలను పట్టి ఉంచిన ఇనుప మేకులు మాత్రం తుప్పు ముద్దలై, పడవ వంపు వెంట వరసలు వరసలుగా ఉన్నాయి. రాడార్ చూపిన ఆ 20 మీటర్ల పడవలో కలప తక్కువ, కలప ఉన్నచోట మిగిలిన జాడ ఎక్కువ.